కాయకమునకు రేపు కలదా?



మన సభలలోను, మఠముల ప్రవచనములలోను కాయకమును గూర్చి వినని వారుండరు. పని యేదైనను హీనము కాదనియు, చెమటోడ్చి సంపాదించినదే శుద్ధమైన అన్నమనియు, కాయకము తప్పినచో భక్తియు నిలువదనియు 12వ శతాబ్దిలో కల్యాణ పట్టణమున బసవేశ్వరుడును, ఆయన సహచరులైన శరణులును ఆచరించి చూపిరి. నావ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాలు మాచయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య, కట్టెలమ్ము మోళిగ మారయ్య మొదలైనవారి పేర్లకు ముందు నిలిచినవి బిరుదములు కావు, వృత్తులు. ఈ విషయమున మనలో ఎవరికిని సందేహము లేదు.

అయితే కాయకమును గూర్చి మనము చెప్పుకొను మాటలలో ఎక్కువ భాగము పని చేయువాని ధర్మమును గూర్చినవే. సత్యముగా చేయవలెను, శుద్ధముగా చేయవలెను, సోమరితనము కూడదు, అత్యాశ కూడదు అని బోధింతుము. పని చేయించుకొనువాని ధర్మమేమి అను ప్రశ్న అంతగా వినబడదు. నేడు కష్టపడువారిలో పెక్కుమందికి పని యున్నది. అది రేపుండునో యుండదో మాత్రము తెలియదు. ఈ తెలియకపోవుట వారి దేహమును, మనస్సును ఏమి చేయుచున్నది? దానికి బాధ్యులెవరు? ఈ రెండు ప్రశ్నలను పాఠకుల ముందుంచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. నేను ఉపాధ్యాయుడను గనుక, నాకు దగ్గరగా తెలిసిన ఉపాధ్యాయ వృత్తి నుండియే మొదలు పెట్టెదను.

తెలుగు పండిత శిక్షణ ముగించిన పిమ్మట 1993 నుండి 9 సంవత్సరములు ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో పని చేసితిని. దాని పేరిచట అనవసరము. అటువంటివి ప్రతి తాలూకా కేంద్రమునను కలవు. చేరిన దినముననే మా అసలు సర్టిఫికెట్లు కార్యాలయపు బీరువాలో చేరెడివి. నియామక పత్రము లేదు. జీతము 10 మాసములకే. ఏప్రిల్ మాసాంతమున కరెస్పాండెంటుగారు ఒక్కొక్కరిని గదిలోనికి పిలిచి లెక్క చూచి పంపునప్పుడు అందరికిని చెప్పు మాట ఒక్కటే: “జూన్‌లో చూద్దాం సార్.” ఆ మాటను మోసికొని మేము ఇండ్లకు పోయెడివారము. ఆ వేసవిలో మాకు అప్పు పుట్టెడిది కాదు. ఇంటిలో పిల్ల పెండ్లికి ముహూర్తము పెట్టుకొనుటకు ధైర్యము చాలెడిది కాదు. అద్దె ఇల్లు ఖాళీ చేయవలెనో, నిలుపుకొనవలెనో తేలెడిది కాదు. రెండు మాసములు ఆకలితో గడపుట కష్టమే. అయినను ఆకలికన్న మమ్ము అధికముగా తినివేసినది ఆ “చూద్దాం” అను మాటయే.

మాతో గణితము బోధించు ఉపాధ్యాయుడొకరుండెడివారు. నాకన్న నాలుగేండ్లు పెద్ద. నల్లబల్లపై ఆయన గీచిన వృత్తము కంపాసు లేకయే కుదురుగా నిలిచెడిది. శివరాత్రి వెళ్ళినది మొదలు ఆయనకు నిద్ర తగ్గెడిది. ఉగాది నాటికి కడుపులో మంట, రొమ్ములో బిగువు, చిన్న మాటకే కోపము. ఒకనాడు నన్ను వెంటబెట్టుకొని వైద్యునికడకు పోయిరి. రక్తపోటు అధికముగా నున్నదనియు, మందు ప్రతిదినము వాడవలెననియు వైద్యుడు చెప్పెను. తిరిగి వచ్చుచు ఆయన నాతో, “ఈ సంగతి బడిలో ఎవ్వరికీ చెప్పొద్దు సార్. రోగిష్టి అని తెలిస్తే జూన్‌లో పిలువరు” అనిరి. మందుబిళ్ళలను సుద్దముక్కల డబ్బాలో దాచుకొనెడివారు. జూన్‌లో బడి తెరచి, హాజరుపట్టీలో తన పేరు కనబడిన వారమునకే ఆయన మరల మామూలు మనిషియగుటను నేను మూడు నాలుగేండ్లు కన్నులార చూచితిని.

1999 ఏప్రిల్‌లో విద్యార్థుల సంఖ్య తగ్గినది. యాజమాన్యమువారు నన్ను పిలిచి, ఇద్దరిని తగ్గింపవలసియున్నదనియు, ఎవరు లేకున్నను బడి నడచునో పాతవాడనైన నన్ను చెప్పుమనియు అడిగిరి. ఆ ఇద్దరిలో నా పేరుండునేమో అను భయము నా గొంతుకకు అడ్డుపడియుండెను. నేను చెప్పిన మాట ఇది: “లెక్కల సార్‌కు ఆరోగ్యం బాగుండట్లేదు.” అది అబద్ధము కాదు. ద్వేషముతో చెప్పినదియు కాదు. రహస్యముగా నుంచుమని ఆయన నాకప్పగించిన నిజమును నా పది మాసముల జీతమునకు వెలగా కట్టితిని. ఆ జూన్‌లో ఆయనను పిలువలేదు.

పాఠకులు ఈ వరుసను గమనింపగోరెదను. కొలువు పోవునేమో అను భయము వలన రోగము వచ్చినది. రోగము కలదని తెలియుటచే కొలువు పోయినది. ఆ భయమే నాచేత ఆ మాట పలికించినది. ఉద్యోగమునకు నిలకడ లేకుండుట దేహమును క్షీణింపజేయునని అందరును ఎరుగుదురు. అది తోటివాని యెడల మన శీలమును గూడ చెరచునని నేను నా నోటి నుండియే నేర్చుకొంటిని.

ఇది ఒక వ్యక్తి బలహీనతయా, లేక అందరికిని వర్తించు విషయమా అని నేను చాలకాలము ఆలోచించితిని. వైద్యశాస్త్రము ఎరిగినవారు దీనిని ఊహకు వదలక కొలిచి చూచిరి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కాబ్, కాస్ల్ అను పరిశోధకులు 1960ల దశకములో, మూతబడనున్న కర్మాగారముల కార్మికులను మూతకు ముందు నుండియే పరిశీలింప మొదలిడిరి. నర్సులు వారి యిండ్లకు పోయి రక్తపోటు కొలిచెడివారు. ఉద్యోగము ఇంకను చేతనున్నప్పుడే, పోవునని ఎదురుచూచు దినములలోనే వారి రక్తపోటు హెచ్చుగా నుండెను. నిలకడగల మరియొక పని దొరకినవారికి అది తగ్గెను.

లండను నగరములో 1985లో మొదలైన వైట్‌హాల్ రెండవ పరిశీలనలో 20 ప్రభుత్వ శాఖలకు చెందిన 10,308 మంది ఉద్యోగులు చేరిరి. తరువాత ఆ శాఖలలో ఒకదానిని ప్రైవేటువారికి అప్పగించుటకు నిర్ణయించిరి. అప్పటికింకను ఎవ్వరి ఉద్యోగమును పోలేదు, జీతము తగ్గలేదు, కుర్చీ మారలేదు. అయినను ఆ శాఖవారి ఆరోగ్యము, అట్టి భయము లేని ఇతర శాఖలవారి ఆరోగ్యముతో పోల్చగా, క్షీణించినట్లు 1995లో ప్రకటించిరి. వీరు బీదలు కారు, అన్నమునకు లేనివారు కారు. వారికి లేకపోయినది రేపు ఏమగునన్న నిశ్చయము మాత్రమే.

ఫిన్లాండు దేశములో 1991 నుండి 1993 వరకు గొప్ప ఆర్థిక మాంద్యము వచ్చినప్పుడు పురపాలక సంఘములు సిబ్బందిని తగ్గించినవి. 10 పట్టణములలో ఉద్యోగము పోగొట్టుకొనక నిలిచియున్న 22,430 మందిని అచటి పరిశోధకులు సంవత్సరముల తరబడి గమనించిరి. సిబ్బంది అధికముగా తగ్గిన చోట్ల, మిగిలినవారిలో హృద్రోగ మరణములు తగ్గింపు లేని చోట్లకంటె రెండింతలుగా నుండెనని 2004లో తెలిపిరి. తొలగింపబడినవారి మాట కాదిది. ప్రక్క కుర్చీ ఖాళీయగుటను చూచుచు, ఆ పనియు తమ నెత్తిన వేసికొని, తమ వంతు ఎప్పుడో అని కూర్చున్నవారి మాట.

2013లో వివిధ దేశములలో జరిగిన 13 పరిశీలనలను, 1,74,438 మంది వివరములను ఒకచోట చేర్చి చూచిరి. ఉద్యోగము నిలుచునో నిలువదో అని భయపడువారికి హృద్రోగము వచ్చు అవకాశము ఇతరులకంటె నూటికి 32 పాళ్ళు ఎక్కువగా కనబడెను. పేదరికము, పొగత్రాగుట మొదలైన ఇతర కారణముల వలన కలుగు భేదమును తీసివేయగా నూటికి 19 పాళ్ళు మిగిలెను. ఈ రెండవ అంకె చిన్నదే. అయినను దానిని దాచక చెప్పుట న్యాయము. అభద్రత ఒక్కటియే రోగమంతటికిని మూలమని నేననను. అది బీదతనముతోను, దురలవాట్లతోను, అధికశ్రమతోను కలిసి వచ్చును; ఒక్కొక్కప్పుడు వానిని తానే పిలుచుకొని వచ్చును.

దేహములో ఇది ఎట్లు జరుగును? దారిలో పాము కనబడినచో గుండె వేగముగా కొట్టుకొనును, రక్తపోటు పెరుగును, కండరములు బిగియును, ఆకలి నిద్రలు తొలగిపోవును. పరుగెత్తుటకో, కర్రయెత్తుటకో దేహమును సిద్ధపరచు రసములు రక్తములో కలియును. పాము పోయినచో కొంతసేపటికి అన్నియు సర్దుకొనును. ఇది భగవంతుడు దేహమునకిచ్చిన రక్షణ. కాని పాము పొదలోనికి దూరి, ఉన్నదో పోయినదో తెలియకున్నచో? ఆ సిద్ధపాటు దింపుకొనుటకు దేహమునకు అనుమతి దొరకదు. ఒక పూట కొరకు ఏర్పడిన ఏర్పాటు మాసములు, సంవత్సరములు సాగినప్పుడు రక్తనాళములు గట్టిపడును, నిద్ర చెడును, జీర్ణశక్తి తగ్గును, మనస్సు దిగులుతో కృశించును. ఎదురుగా వచ్చిన కష్టమునకు మనుష్యుడు ఏదో యొక ఉపాయము వెదకుకొనును. వచ్చునో రాదో తెలియని కష్టమునకు ఉపాయము ఎచట వెదకును?

దీనికి తోడు ఇంకొకటి కలదు. నిలకడలేని కొలువువాడు రోగమును దాచును. జ్వరముతోనే పనికి వచ్చును. పరీక్ష చేయించుకొనుటకు ఒక పూట సెలవడుగ వెరచును. గొంతు బొంగురుపోయిన ఉపాధ్యాయుడు విశ్రాంతి తీసికొనక అరచి అరచి ఉన్న గొంతును పోగొట్టుకొనును. స్త్రీల స్థితి మరింత కఠినము. గర్భవతియైన ఉపాధ్యాయిని ఆ శుభవార్తను దాచగలిగినంత కాలము దాచుకొనుట నేనెరుగుదును. 1961 నాటి ప్రసూతి చట్టమును 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల విషయమున 26 వారముల సెలవు నిర్ణయించిరి. “కాన్పు అయ్యాక చూద్దాం అమ్మా” అను మాట విన్న స్త్రీకి ఆ 26 వారములు ఏ లెక్కలోనివి? తల్లి కావలసిన సమయమున భయమును కడుపులో మోయవలసి వచ్చుటకన్న దుఃఖకరమైనది ఏమున్నది?

తక్కువ జీతమే ఈ బాధకంతకును కారణమని కొందరు తలతురు. నాకట్లు తోచదు. మా బావగారు 1980లలో ప్రభుత్వ పాఠశాలలో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచరుగా చేరిరి. ఆ అంకెనే పేరుగా పెట్టి జనులు వారిని “398 టీచర్లు” అని పరిహసించెడివారు. ఆ జీతముతో సంసారము గడచుట దుర్లభము. అయినను కొంతకాలమునకు పూర్తి వేతనమునకు వత్తుమన్న నమ్మకము వారికుండెను. ఆ నమ్మకముతో బావగారు సైకిలు మీద ఎనిమిది మైళ్ళు పోయి, పాఠము చెప్పి, రాత్రి సుఖముగా నిద్రించెడివారు. రేపు తెలిసియున్నచో కొంచెమైనను సరిపెట్టుకొనవచ్చును. రేపు తెలియనివానికి ఎంత యిచ్చినను అందులో సగము భయమునకే ఖర్చగును.

ఈ భయము యొక్క పూర్తి స్వరూపము 2020లో దేశమంతటికిని కనబడినది. మార్చి 25 నుండి లాక్‌డౌన్ విధింపబడెను. బడులు మూతబడినవి. ప్రభుత్వోపాధ్యాయులమైన మాకు పని తగ్గినను ఉద్యోగము నిలిచినది. ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులలో పెక్కుమందికి జీతము ఆగిపోయినది. కూరగాయల బండి పెట్టినవారు, ఉపాధి హామీ పనికి పార పట్టినవారు, తాము చదువు చెప్పిన పిల్లల ఇంటనే కూలికి పోయినవారు తెలంగాణలో ఎందరో కలరు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వము గుర్తింపు గల ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకును, సిబ్బందికిని నెలకు 2,000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ప్రకటించినది. ఆ బియ్యము అనేక కుటుంబములను నిలిపినది. కూరగాయలమ్ముటలో హీనత ఏమియు లేదు; అదియు కాయకమే. బాధ ఎచటననగా, ఇరువది సంవత్సరములు బోధించినవానికి “నీవు మా వాడవు” అని చెప్పువాడు ఆ కష్టకాలమున ఒక్కడును లేకపోవుట.

ఉపాధ్యాయుల సంగతి ఒక ఉదాహరణము మాత్రమే. వైద్యశాలలలో, విద్యుత్ కార్యాలయములలో, పురపాలక సంఘములలో కాంట్రాక్టు పద్ధతిని, ఔట్‌సోర్సింగ్ పద్ధతిని పని చేయువారు వేలాదిగా కలరు. కాంట్రాక్టు శ్రమను క్రమబద్ధము చేసి, తగిన చోట నిర్మూలింపవలెనని 1970లోనే పార్లమెంటు చట్టము చేసెను. అర్ధ శతాబ్ది గడచినను ఆ పద్ధతి నిర్మూలము కాక వేళ్ళు పారినది. ఎంతకాలము పని చేసినను, సక్రమముగా నియమింపబడనివారికి ఆ కారణముననే స్థిరత్వపు హక్కు కలుగదని 2006లో సుప్రీం కోర్టు చెప్పినది. సమానమైన పనికి తాత్కాలికులకును సమాన వేతనమీయవలెనని 2016లో అదియే న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఉపాధ్యాయుల విషయమున ఒక విచిత్రము కలదు. పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము ఉపాధ్యాయుడు “పనివాడు” కాడని 1988లో తీర్పు వచ్చెను. బోధన గొప్ప కార్యమని గౌరవించియే అట్లు చెప్పిరి. ఆ గౌరవము వలన పనివానికి గల రక్షణ గురువునకు లేకపోయెను. గ్రాట్యుటీకి ఉపాధ్యాయులు అర్హులేయని 2009లో చట్టమును సవరింపగా, పాఠశాలల యాజమాన్యములు న్యాయస్థానమునకు పోయినవి. 2022లో గాని ఆ వివాదము ఉపాధ్యాయుల పక్షమున ముగియలేదు. 2025 నవంబరు 21 నుండి కొత్త కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. ఉద్యోగులకు నియామక పత్రము ఈయవలెనని అవి చెప్పుచున్నవి. కాగితము మంచిదే. కాని చట్టము చెప్పువరకు తోటివానికి ఒక కాగితమైనను ఈయలేకపోయితిమే అని మనము సిగ్గుపడవలసియున్నది.

ఇక ఆక్షేపణలు. ఒక పెద్దమనిషి నాతో, “లోకములో నిలకడ ఎవనికున్నది? రైతుకు వాన నమ్మకమున్నదా? దేహమే నిలకడ లేనిది, కొలువు మాటయేమి?” అనిరి. ఈ మాటలో సత్యము లేకపోలేదు. మాది వర్షాధారపు నేల. వాన కొరకు ఆకాశము చూచిన కన్నులు నావియు. కాని వాన రాకపోవుట ఎవరి నిర్ణయమును కాదు. మేఘము రైతును గదిలోనికి పిలిచి “జూన్‌లో చూద్దాం” అనదు. వాన లేని యేడు ఊరంతయు కలిసి బాధపడును, ఒకనినొకడు ఓదార్చుకొనును. మనుష్యుని చేతిలోనున్న కొలువు విషయమున అట్లు కాదు. పిలుచుటయు, పిలువకుండుటయు ఒకని యిష్టము. ఎదురుచూచుట వేరొకని ప్రాణము. మానవుడు చేసిన పనిని దైవము మీద వేయుట దైవభక్తి యనిపించుకొనదు.

రెండవ ఆక్షేపణ: భయము లేనిచో ఎవడును పని చేయడు, స్థిరమైన కొలువు సోమరిని చేయును. స్థిరమైన కొలువులో నుండి పాఠము చెప్పక జీతము తిన్నవారిని నేనును చూచితిని. ప్రభుత్వోపాధ్యాయుడనై యుండి దానిని కాదనను. కాని సోమరిని తొలగించుటకు విచారణ కలదు. తప్పు చూపి, సమాధానము విని, తీర్పు చెప్పవచ్చును. దానికి భయపడువాడు తప్పు చేసినవాడొక్కడే. “చూద్దాం” అను మాటకు అందరును భయపడుదురు; చక్కగా పని చేయువాడే ఎక్కువగా భయపడును, పోగొట్టుకొనునది అతనికే ఎక్కువ గనుక. పైగా భయపడినవాడు పని బాగుగా చేయుననుటయు సత్యము కాదు. భయపడినవాడు యజమాని కనులయెదుట పని బాగుగా చేయును. కాయకమనగా ఎవరును చూడనప్పుడును శుద్ధముగా చేయునది గదా!

మూడవ ఆక్షేపణము మన సంప్రదాయము నుండియే వచ్చును గనుక దానిపై కొంచెము నిలువవలసియున్నది. ఆయ్దక్కి మారయ్య కథ మన పిల్లలకు గూడ తెలియును. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు ఆయన ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ చూచి, మనకు కావలసినదానికంటె ఇది ఎక్కువ, ఆశ మనకు తగదు, ఎచటిది అచటనే పోసి రమ్మని తిరిగి పంపెను. ఇంతటి అపరిగ్రహమును బోధించు సంప్రదాయములోనివారు రేపటిని గూర్చి దిగులుపడవచ్చునా, నేటి గింజలతో తృప్తిపడవలదా అని కొందరడుగుదురు.

నేను ఈ కథను ఎన్నియోమార్లు తరగతిలో చెప్పితిని. చాలకాలమునకు గాని దానిలోని ఒక విషయము నాకు తట్టలేదు. లక్కమ్మ ఆ బియ్యమును తిరిగి పోయుమని ఎట్లు చెప్పగలిగెను? మరునాడును మారయ్యకు ఆ కాయకము కలదు. ఆ వాకిలి వారికి మూయబడదు. వారు రోగపడినచో చూచు శరణ సమూహము కలదు, దాసోహము కలదు. శివుని యందలి విశ్వాసము వారికి మూలబలము. ఆ విశ్వాసమునకు తోడుగా కల్యాణములోని సమాజము వారికి రేపటిని చూపియుంచెను. రేపు కలదని నమ్మినవాడే నేటి మిగులును తిరిగి ఈయగలడు. రేపు లేనివాడు దాచుకొనును, ఇతరుని గింజలకును చేయి చాచును, 1999లో నేను చేసినట్లే. కావున లక్కమ్మ మాటను నిలకడలేని కొలువువానికి బోధించుటకు ముందు, అతనికి మారయ్యకు గల రేపటిని మనము ఇచ్చితిమా అని ప్రశ్నించుకొనవలెను. మరియొక సంగతి. తృప్తిని గూర్చి ఆ మాట పలికినది లక్కమ్మ, తన యింటి గింజలను గూర్చి. ధాన్యపు కొట్టు తాళము చేతనున్నవాడు ఎదుటివాని గింజలను గూర్చి పలికినచో అది ఆ మాట కాదు.

ఇప్పుడు మనయింటి సంగతి. మన మఠములు, మన సంఘములు, మన పెద్దలు నడుపు విద్యాలయములు, వసతిగృహములు, వర్తకశాలలు, మిల్లులు తక్కువగా లేవు. వానిలో కొన్ని ఉదారముగా నడచుచున్నవి. దాసోహమునకు వచ్చిన అతిథికి కుల మత భేదము లేక అన్నము పెట్టు సంస్థలోనే ఆ అన్నము వండు మనిషికి నియామక పత్రము లేకుండుటయు కలదు. అతిథికి పెట్టునది దాసోహమైనచో, వంటవానికి రేపటిని గూర్చిన నమ్మకమిచ్చుటయు దాసోహమే. అది ఖర్చుతో కూడినదని చిన్న సంస్థలవారందురు. వారి కష్టము నిజమే. పిల్లలు చేరని బడి జీతములెట్లు ఇచ్చును? అందరిని ఎల్లకాలము ఉంచుకొనుమని నేననుట లేదు. పైసా ఖర్చు లేనివి కొన్ని కలవు. ఉంచుకొనునదియు, ఉంచుకొననిదియు మాఘమాసములోనే సూటిగా చెప్పవచ్చును. లేదను మాట కఠినమైనను, విన్నవాడు వేరొక చోటు వెదకుకొనును. లండను ఉద్యోగులును, మిషిగను కార్మికులును మనకు చెప్పుచున్నది ఇదియే: తెలియని కాలమే దేహమును తినివేయును. అసలు సర్టిఫికెట్లను చూచి తిరిగి ఇచ్చివేయవచ్చును. పని, జీతము, గడువు వ్రాసి సంతకము చేసి ఈయవచ్చును. రోగము కారణముగా ఎవరిని తొలగింపమని నోటితో చెప్పి, ఆ మాట నిలుపుకొనవచ్చును. కొంచెము శక్తిగలవారు 10 మాసముల జీతమునే 12 భాగములుగా పంచియైనను వేసవిలో ఆ సంసారము ఆగకుండ చూడవచ్చును. ఇంకను శక్తిగలవారు 12 మాసములకును జీతమీయవచ్చును, భవిష్యనిధి కట్టవచ్చును.

పని చేయు మిత్రులకును ఒక మాట. ఈ భయమును మీలోని పిరికితనమని ఎంచి సిగ్గుపడకుడు. నిద్ర రానిచో, రొమ్ము బిగిసినచో దాచుకొనక వైద్యునికి చూపుడు. మీ తోటివాడు తన రోగమును మీకు చెప్పుకొనినచో దానిని కాపాడుడు. ఒంటరిగా గదిలోనికి పోయి వినునట్టి మాటను నలుగురు కలిసి పోయి వినుడు. నలుగురి ముందు “చూద్దాం” అనుట అంత సులువు కాదు.

2002లో నేను ప్రభుత్వ పాఠశాలలో భాషాపండితునిగా చేరితిని. 2011లో ఒక పెండ్లిలో ఆ గణితోపాధ్యాయుని మరల కలిసికొంటిని. ఆయన ఒక రైసు మిల్లులో లెక్కలు వ్రాయుచుండిరి. జీతము గొప్పది కాదు. నల్లబల్లను తలచుకొని కన్నులు చెమర్చిరి. కాని ఆరోగ్యమెట్లున్నదని నేనడుగగా, “ఆ బడి పోయిన ఏడే నాకు మంచిగ నిద్ర పట్టింది సార్. ఇంక పోయేది ఏముంది?” అని నవ్విరి. నేను ఆయన ప్రక్కనే కూర్చుండి భోజనము చేసితిని. ఆనాడు ఆ మాట చెప్పినది నేనని చెప్పుటకు నోరు రాలేదు. ఆయన ఈ పత్రికను చదువుదురని విందును. అందుచేత ఇచట వ్రాయుచున్నాను.

శివరాత్రి సమీపించుచున్నది. మనవారి బడులలో ఎందరికో ఇప్పుడు నిద్ర తగ్గుచుండును. సంస్థలు నడుపు పెద్దలు ఈ మాసములోనే వారిని పిలిచి, ఉన్నది ఉన్నట్లు చెప్పుదురు గాక. చెప్పుటకు ఒక పూట చాలును.